9.3×62 మౌజర్ తూటా: మూస్ వేటలోను, రీలోడింగ్ బల్ల మీదను

ఉత్తర యూరప్‌లో పెద్ద జంతువుల వేట కోసం మొదటి రైఫిల్ కొనుక్కునే వారికి దుకాణంలో ముందుగా చూపించేవి 6.5×55, .308 విన్చెస్టర్, .30-06 రకాలు. వాటి పక్క అరలో లావుగా, మొద్దు ముక్కుతో కనిపించే 9.3×62 మౌజర్‌ను చూసి, ఇంత పెద్ద తూటా మనకెందుకని చాలామంది పక్కకు తప్పుకుంటారు. స్వీడన్‌లో స్థిరపడి, ఇక్కడి వేటగాళ్ల పరీక్ష పాసై, దలార్నా ప్రాంతంలోని ఒక వేట బృందంతో కలిసి ఏటా మూస్ వేటకు వెళుతున్న నేను కొన్నేళ్లుగా ఈ తూటానే వాడుతున్నాను. వేటలో కాల్చేవి, అభ్యాసానికి కాల్చేవి దాదాపు అన్నీ ఇంట్లో చేత్తో నింపుకున్నవే. రీలోడింగ్ అంటే అదే: కాల్చిన ఇత్తడి కేసులో కొత్త ప్రైమర్ (మందును రగిలించే బిళ్ల), మందు, గుండు పెట్టి మళ్లీ తూటా చేసుకోవడం. ఈ అనుభవంతో నేను వచ్చిన నిర్ణయాన్ని ముందే చెబుతున్నాను. 9.3×62 మితమైన వేగంతో బరువైన గుండును పంపడానికి పుట్టిన తూటా. ఆ మితాన్ని గౌరవించి నింపుకున్నవారికి దీనిని మించిన అడవి తూటా దొరకడం కష్టం. ఎక్కువ మందు కూరి దీనిచేత మాగ్నమ్ (అతివేగపు పెద్ద తూటా) పని చేయించాలనుకునేవారు మాత్రం తన్ను (కాల్చినప్పుడు భుజానికి తగిలే ఎదురుదెబ్బ) ఎక్కువ, లాభం తక్కువ ఉన్న తూటాను చేతులారా తయారు చేసుకుంటారు.

ఈ సమీక్ష స్వీడన్‌కు, లైసెన్సు మీద వేట, రీలోడింగ్ చట్టబద్ధంగా సాగే ఇతర దేశాలకు మాత్రమే వర్తిస్తుంది. భారతదేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరమని, తూటాల తయారీ 1959 నాటి ఆయుధాల చట్టం పరిధిలోకి వస్తుందని తెలుగు పాఠకులకు వేరే చెప్పనక్కర లేదు. నార్డిక్ దేశాలలోను, జర్మనీలోను స్థిరపడి, స్థానిక మిత్రుల ప్రోద్బలంతో వేట పరీక్షకు కూర్చుంటున్న మనవారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ఈ తూటా పుట్టుక తెలిస్తే దాని స్వభావం సులువుగా అర్థమవుతుంది. బెర్లిన్‌లో తుపాకులు తయారు చేసే ఒట్టో బొక్ దీనిని 1905లో రూపొందించాడు. ఆ రోజుల్లో ఆఫ్రికాలోని జర్మన్ వలస ప్రాంతాలలో వ్యవసాయం చేసుకునేవారికి, వేటగాళ్లకు పెద్ద జంతువులను నిలువరించగల తుపాకి కావలసి వచ్చింది. ఇంగ్లండ్‌లో తయారయ్యే జంట గొట్టాల రైఫిళ్ల ధర వారి అందుబాటులో లేదు. పొడవైన మాగ్నమ్ యాక్షన్‌తో (యాక్షన్ అంటే తూటాను లోపలికి తోసి, మూసి, పేల్చే యంత్రభాగం) చేసే రైఫిళ్లు కూడా ఖరీదైనవే. సాధారణ మౌజర్ 98 యాక్షన్‌లో, దాని బోల్ట్ (తూటాను వెనుక నుంచి మూసే కడ్డీ) ముఖాన్ని మార్చకుండా, దాని మ్యాగజైన్‌లో పట్టే గరిష్ఠ పరిమాణానికి తూటాను సరిపెట్టడమే బొక్ చూపిన తెలివి. కేసు పొడవు 62 మి.మీ., గుండు వ్యాసం 9.3 మి.మీ., మొత్తం తూటా పొడవు గరిష్ఠంగా 83.6 మి.మీ. మొదట్లో 18.5 గ్రాముల గుండును సెకనుకు సుమారు 655 మీటర్ల వేగంతో పంపేవారు. తరువాత మందులు మెరుగుపడి ఆ వేగం 720 మీటర్ల దాకా చేరింది. ఇంగ్లండ్ నుంచి .375 హెచ్ అండ్ హెచ్ వచ్చింది 1912లో. అప్పటికే ఈ తూటా ఆఫ్రికాలో నిలదొక్కుకుంది. ఆ ఇంగ్లిష్ తూటాకు ఉన్న ప్రతిష్ఠ దీనికి లేకపోయినా, సగటు మనిషి కొనుక్కోగలిగిన రైఫిల్‌లో దాని పనికి దరిదాపుల్లోకి వచ్చినది ఇదే.

ఇప్పుడు అంకెల్లోకి వస్తాను. 18.5 గ్రాముల గుండు సెకనుకు 720 మీటర్ల వేగంతో గొట్టం దాటితే దాని శక్తి దాదాపు 4,800 జౌళ్లు. మొద్దు ముక్కు గుండైనా 100 మీటర్ల దగ్గర 3,800 జౌళ్ల చుట్టుపక్కల మిగులుతుంది. స్వీడన్‌లో మూస్ వేటకు కావలసిన మొదటి తరగతి తూటాకు, గుండు బరువు 10 గ్రాములు లేదా ఎక్కువైతే 100 మీటర్ల వద్ద 2,000 జౌళ్లు, 9 గ్రాముల గుండైతే 2,700 జౌళ్లు ఉండాలని నియమం. అంటే చట్టం అడిగినదానికి ఈ తూటా దాదాపు రెట్టింపు ఇస్తుంది. అయితే దీనిని ఎంచుకోవడానికి ఆ రెట్టింపు కారణం కాదు. పాత 6.5×55 తోనే స్వీడన్‌లో తరతరాలుగా మూస్‌ను వేటాడుతున్నారు, ఇప్పటికీ వేటాడుతున్నారు. 9.3×62 ఇచ్చే అసలైన లాభం గుండు వ్యాసంలోను, దాని పొడవులోను ఉంది. పొడవైన, బరువైన గుండు మెల్లగా విచ్చుకుంటూ జంతువు శరీరాన్ని ఆసాంతం దాటి అవతలి వైపుకు వస్తుంది. దీని సెక్షనల్ డెన్సిటీ 0.305, వ్యాసంతో పోల్చితే గుండు ఎంత బరువైనదో చెప్పే అంకె అది, ఎంత ఎక్కువైతే గుండు అంత లోతుకు చొరబడుతుంది.

మూస్ దుప్పి జాతిలోకెల్లా పెద్ద జంతువు. ఎదిగిన మగది నాలుగైదు వందల కిలోల వరకు తూగుతుంది. ఉత్తర స్వీడన్‌లో ఈ వేట సెప్టెంబరులో, దక్షిణాన అక్టోబరులో మొదలవుతుంది. మా బృందంలో ఒకరి స్పిట్జ్ జాతి కుక్కను అడవిలోకి వదులుతారు. మూస్ కనిపిస్తే అది దాని చుట్టూ తిరుగుతూ, మొరుగుతూ ఆపి ఉంచుతుంది. మిగిలిన వేటగాళ్లందరూ ముందుగా నిర్ణయించిన స్థానాలలో నిలబడతారు. స్ప్రూస్, బర్చ్ చెట్ల మధ్య దొరికే అవకాశాలు చాలావరకు 100 మీటర్ల లోపే. ఒకసారి నా స్థానానికి 60 మీటర్ల దూరంలో, నరికేసిన అడవి అంచున, ఒక ఆడ మూస్ అడ్డంగా ఆగింది. ముందు కాలి వెనుక, ఛాతీలో మూడో వంతు ఎత్తున గుండు తగిలింది. అది ఉలిక్కిపడలేదు, కుంటలేదు. ఏమీ జరగనట్టే నలభై అడుగులు నడిచి, ఆగి, తల వంచి కూలిపోయింది. మూస్ వేటలో ఇది సర్వసాధారణమైన దృశ్యం. గుండు ఎంత పెద్దదైనా ఆ జంతువు అక్కడికక్కడే పడుతుందని ఎదురు చూడకూడదు. చర్మం తీసేటప్పుడు చూస్తే లోపలికి వెళ్లిన రంధ్రం వేలి లావు ఉంది, బయటికి వచ్చినది రూపాయి నాణెం కన్నా కొంచెం పెద్దది. రెండు ఊపిరితిత్తులలోంచీ దారి చేసుకుని వెళ్లింది. ఇక నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునే విషయం: భుజం దగ్గర మాంసం దాదాపు చెడలేదు.

ఇది చిన్న విషయం కాదు. మా బృందంలో మాంసాన్ని వాటాలు వేసుకుంటాము. ఆ వాటా ఏడాది పొడవునా ఇంటి ఫ్రీజర్‌లో ఉండే ఆహారం. సెకనుకు 900 మీటర్లు దాటిన సన్నని గుండ్లు ఎముకకు తగిలినప్పుడు చుట్టుపక్కల కండ అంతా నెత్తురు గడ్డకట్టి నల్లబడుతుంది, ఆ భాగాన్ని కోసి పారేయాలి. ఈ తూటా వేగం తక్కువ కనుక ఆ నష్టం బాగా తగ్గుతుంది. స్వీడన్ ఆహార సంస్థ కూడా సీసం గుండుతో కొట్టిన జంతువు విషయంలో గాయం దారి చుట్టూ 10 సెంటీమీటర్ల మేర చెడనట్టు కనిపించే మాంసాన్ని సైతం తీసివేయమని సలహా ఇస్తుంది. సీసం ముక్కలు కంటికి కనిపించనంత చిన్నవిగా కండలోకి చొచ్చుకుపోతాయి కనుక ఆ జాగ్రత్త అవసరం. గుండు ఎంత తక్కువగా ముక్కలైతే అంత మంచిది. అది చివరికి గుండు నిర్మాణం మీద ఆధారపడిన సంగతి.

గుండ్ల ఎంపికలో నాకు కచ్చితమైన ఇష్టాయిష్టాలున్నాయి. నార్మా సంస్థ చేసే ఓరిక్స్ గుండులో సీసాన్ని రాగి మిశ్రమపు తొడుగుకు అతికిస్తారు, దానివల్ల విచ్చుకున్న తరువాత కూడా రెండూ విడిపోవు. 18.5 గ్రాముల ఓరిక్స్ ఈ తూటా స్వభావానికి చక్కగా సరిపోతుందని నా అభిప్రాయం. మూస్ శరీరంలోంచి తీసిన ఒక ఓరిక్స్ నా బల్ల మీద ఇప్పటికీ ఉంది. ఎదురుగా నిలబడిన జంతువును ఛాతీ ముందు నుంచి కొట్టినప్పుడు పొడవునా ప్రయాణించి వెనుక చర్మం కింద ఆగిన గుండు అది. ముందు భాగం గుండ్రంగా విచ్చుకుని దాదాపు రెట్టింపు వెడల్పయింది, వెనుక భాగం ఫ్యాక్టరీలో తయారైనప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. నోస్లర్ పార్టిషన్ కూడా మంచి గుండే. దానిలో మధ్యన అడ్డు గోడ ఉండటం వల్ల ముందు భాగం కొంత రాలినా వెనుక సగం చెక్కుచెదరకుండా ముందుకు సాగుతుంది. లాపువా మెగా మరికాస్త మెత్తగా విచ్చుకుంటుంది. సీసం వద్దనుకునేవారికి లాపువా నాచురలిస్ వంటి పూర్తి రాగి గుండు ఉంది. రాగి సీసం కన్నా తేలిక కనుక అదే బరువుకు గుండు పొడవు పెరుగుతుంది, కేసు లోపల మందు స్థలాన్ని ఆక్రమిస్తుంది. అందువల్ల 9.3 లో రాగి గుండ్లు చాలావరకు 16.2 గ్రాముల చుట్టుపక్కల ఆగుతాయి, ఆ బరువుకు అవి బాగానే పనిచేస్తాయి. సీసం విషయంలో యూరప్ నియమాలు ఏటికేడు బిగుసుకుంటున్నాయి. కొత్తగా మొదలుపెట్టేవారు రాగి గుండుతోనే తమ మొదటి లోడు (గుండు, మందు, మోతాదుల కూర్పు) తయారు చేసుకుంటే తరువాత మార్చుకోవలసిన అవసరం ఉండదు.

బరువైన గుండు కొమ్మలను, పొదలను చీల్చుకుని నేరుగా వెళుతుందని వేటగాళ్లలో ఒక నమ్మకం బలంగా ఉంది. ఈ తూటాను అమ్మేవారు కూడా ఆ మాట చెబుతుంటారు. దయచేసి నమ్మవద్దు. ఏ గుండైనా కొమ్మకు తగిలితే దారి తప్పుతుంది. ఎంత తప్పుతుందో ఎవరూ చెప్పలేరు. 9.3 గుండు కొంత తక్కువ తప్పవచ్చు, కానీ గాయపడిన జంతువును అడవిలో వెతకడం కన్నా కాల్చకుండా వదిలేయడం మేలు. గాయపడిన మూస్‌ను వెతకడానికి శిక్షణ పొందిన కుక్క రెండు గంటలలో కాల్చిన చోటికి చేరుకోగలిగి ఉండాలని స్వీడన్ చట్టం అడుగుతుంది. ఆ నియమం వెనుక ఉన్న ఆలోచననే వేటగాడు ట్రిగ్గర్ మీద వేలు పెట్టే ముందు తనకు తాను వర్తింపజేసుకోవాలి.

ఇక రీలోడింగ్ విషయం. ఈ తూటాను చేత్తో నింపుకోవడం పెద్ద కష్టం కాదు, కానీ నిర్లక్ష్యాన్ని అసలు సహించదు. మందు మండినప్పుడు కేసు లోపల పుట్టే పీడనానికి అంతర్జాతీయంగా దీనికి పెట్టిన గరిష్ఠ హద్దు 3,900 బార్. .375 హెచ్ అండ్ హెచ్‌కు 4,300 బార్. ఆ తేడాను చూసి కొందరు, నేటి రైఫిళ్లు గట్టివి కదా, మరికాస్త మందు పోస్తే .375 వేగం వస్తుంది కదా అని ఆలోచిస్తారు. పీడనం కంటికి కనిపించదు. ప్రైమర్ చదునుకావడం, బోల్ట్ పిడి లేవడానికి మొరాయించడం, కేసు అడుగున ఎజెక్టర్ (ఖాళీ కేసును బయటికి తోసే భాగం) గుర్తు పడటం వంటి సూచనలు కనిపించే సరికే పీడనం హద్దు దాటి చాలా దూరం వెళ్లి ఉంటుంది. పైగా, పాత రైఫిళ్లు ఈ తూటాకు చాలా ఉన్నాయి, వాటిలో కొన్ని స్వీడన్ సైనిక మౌజర్ 96 యాక్షన్ మీద చేసినవి. ఆ యాక్షన్‌లో మౌజర్ 98 కున్న మూడవ భద్రతా లగ్ (బోల్ట్‌ను పట్టి ఉంచే అదనపు కొక్కెం) లేదు. పాత హుస్క్వర్నా రైఫిల్ కొనేటప్పుడు గొట్టం మీద ముద్ర 9.3×57 అని ఉందో 9.3×62 అని ఉందో తప్పక చూడాలి. రెండూ వేరు వేరు తూటాలు, 57 మి.మీ.ది తక్కువ శక్తి గలది. తుపాకుల మరమ్మత్తు తెలిసినవారికి చూపించకుండా అలాంటి పాత రైఫిల్‌తో ఒక్క తూటా కూడా పేల్చవద్దు.

నా పద్ధతిని ఉన్నదున్నట్టు చెబుతాను. ఖాళీ కేసును ముందు మందు మసి పోయేలా శుభ్రం చేసి, వెలుతురులో తిప్పి చూస్తాను. 9.3×62 కేసు భుజం (కేసు మెడ వైపు సన్నబడే చోటు) వాలు చాలా చిన్నది, 17.5 డిగ్రీలు మాత్రమే. తూటా ఛాంబర్‌లో (గొట్టం వెనుక తూటా కూర్చునే గది) ఎక్కడ ఆగుతుందో నిర్ణయించేది ఆ సన్నని భుజమే. సైజింగ్ డైను (కాల్చిన కేసును తిరిగి కొలతకు నొక్కే అచ్చు) తయారీదారు కాగితంలో రాసినట్టు షెల్ హోల్డర్‌కు (కేసు అడుగును పట్టి ఉంచే ముక్క) గట్టిగా తగిలేదాకా దించితే, చాలా రైఫిళ్లలో భుజం అవసరానికి మించి వెనక్కి పోతుంది. అప్పుడు కాల్చిన ప్రతిసారీ కేసు అడుగుకు కొంచెం పైన సాగి పలచబడుతుంది. నాలుగైదు సార్లు వాడాక అక్కడ మెరిసే సన్నని గీత ఒకటి కనిపిస్తుంది. లోపల కాగితపు క్లిప్పు తీగను వంచి గోడ వెంబడి గీకితే చిన్న గుంట తగులుతుంది. ఆ కేసు తరువాతి సారి అక్కడే తెగుతుంది. కాబట్టి నా రైఫిల్‌లో కాల్చిన కేసు భుజం ఎక్కడ ఉందో కంపారేటర్ అనే కొలత పరికరంతో చూసి, డైను కొంచెం కొంచెంగా దించుతూ, భుజం 0.05 మి.మీ. మాత్రమే వెనక్కి పోయేలా బిగించుకున్నాను. తూటా సులువుగా లోపలికి జారుతుంది, బోల్ట్ ఒక్క వేలితో మూసుకుంటుంది, కేసు సాగదు. కేసు పొడవు 62 మి.మీ. దాటకూడదు, 61.8 దగ్గర కత్తిరించి, మూతి లోపలా బయటా గరుకు తీసేస్తాను.

.30-06 కేసును వెడల్పు చేసి దీనికి వాడవచ్చని కొందరు చెబుతారు. వాడినవారు ఉన్నారు కూడా. కాని .30-06 కేసు అడుగు 9.3×62 ఛాంబర్ కోరినదానికంటే 0.1 మి.మీ. పైచిలుకు సన్నం. కాల్చినప్పుడు అది అడుగున ఉబ్బుతుంది. లాపువా, నార్మా, పీపీయూ సంస్థలు ఈ తూటాకు సరైన కేసులను అమ్ముతున్నప్పుడు ఆ పని చేయవలసిన అవసరమే లేదు. ఒక చవక రకం కేసుల పెట్టెలో (తయారీదారు పేరు చెప్పను) మెడ గోడ మందం ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువ ఉండటం గమనించాను. వాటిలో గుండు దించినప్పుడు చేతికి తగిలే బిగువు తూటాకు తూటాకు మారేది, లక్ష్యం మీద గుండ్లు పడే గుంపు కూడా అలాగే చెదిరేది. మంచి కేసుకు ముందు ఎక్కువ పెట్టినా అది చాలాసార్లు నింపుకోవడానికి పనికివస్తుంది కనుక చివరికి అదే చవక.

మందుల విషయంలో ఈ తూటా చాలా ఉదారమైనది. విహ్తావోరి ఎన్ 140, ఎన్ 150, నార్మా 203-బి, రీలోడర్ 15 వంటి మధ్యరకం వేగంతో మండే మందులు దీనికి సరిపోతాయి. 18.5 గ్రాముల గుండుకు నేను ఎన్ 150 ను ఇష్టపడతాను. అది కేసును దాదాపు నింపుతుంది, ఆ నిండుదనం వల్ల మందు కేసులో అటూఇటూ జారక, వేగం తూటాకు తూటాకు ఒకేలా వస్తుంది. ఎన్ని గ్రెయిన్లు (మందును తూచే కొలమానం) పోస్తానో ఇక్కడ కావాలనే రాయడం లేదు. నా రైఫిల్‌లో సరిగా ఉన్న మోతాదు మీ రైఫిల్‌లో ప్రమాదకరం కావచ్చు; గొట్టం, ఛాంబర్, గుండు తయారీ, ప్రైమర్ వీటిలో ఏది మారినా పీడనం మారుతుంది. మందు తయారీదారు ప్రచురించిన పట్టికలో ఆ గుండుకు ఇచ్చిన కనిష్ఠ మోతాదుతో మొదలుపెట్టి, క్రోనోగ్రాఫ్ (గుండు వేగం కొలిచే పరికరం) ఎదురుగా పెట్టుకుని, కొంచెం కొంచెంగా పైకి వెళ్లండి. వేగం 720 దగ్గరికి రాగానే ఆగండి, పట్టికలో ఇంకా స్థలం మిగిలి ఉన్నా సరే.

ఆగమని ఎందుకు చెబుతున్నానో వివరిస్తాను. 720 నుంచి 750 కి వెళ్లితే శక్తి 8 శాతం పైచిలుకు పెరుగుతుంది, 200 మీటర్ల వద్ద గుండు పడే తీరులో రెండు వేళ్ల తేడా కూడా ఉండదు. కానీ తన్ను పెరుగుతుంది, కేసు ఆయువు తగ్గుతుంది, వేసవి ఎండలో కారులో వేడెక్కిన తూటా హద్దు దాటే అవకాశం పెరుగుతుంది. నాలుగు కిలోల రైఫిల్‌లో ఈ తూటా తన్నును లెక్కగడితే దాదాపు 40 జౌళ్లు వస్తుంది, అదే బరువు రైఫిల్‌లో .308 తన్ను దానిలో సగం. ఈ తన్నుకు భుజం అలవాటు పడుతుంది. అంతకు మించినదానికి చాలామంది భుజాలు అలవాటు పడవు, ట్రిగ్గర్ లాగే ముందే ఒళ్లు బిగుసుకోవడం మొదలవుతుంది, ఆ తరువాత ఎంత మంచి తూటా నింపినా ప్రయోజనం లేదు. గొట్టం వ్యాసంతో పోలిస్తే మందు పరిమాణం తక్కువ కాబట్టి చిన్న గొట్టంలో కూడా ఇది వేగాన్ని పెద్దగా పోగొట్టుకోదు. అడవిలో మోయడానికి పొట్టి గొట్టం రైఫిల్ తీసుకున్నా నష్టం ఉండదు.

గుండు దించే లోతు కూడా జాగ్రత్తగా చూడాలి. మ్యాగజైన్‌లో మిగిలిన తూటాలు ప్రతి పేలుడుకూ కుదుపుకు గురవుతాయి. మెడ బిగువు చాలకపోతే గుండు లోపలికి జారుతుంది. నేను తూటాలను మ్యాగజైన్‌లో నింపి, పైది మాత్రమే కాల్చి, అడుగున ఉన్న తూటా పొడవును ముందూ వెనుకా కొలిచి చూశాకే ఆ లోడును వేటకు ఒప్పుకుంటాను. చలి పరీక్ష కూడా అంతే ముఖ్యం. ఇక్కడ డిసెంబరులో సున్నాకు ఇరవై డిగ్రీల దిగువన కూడా వేట సాగుతుంది. రాత్రంతా బయట ఉంచిన తూటాలను ఉదయం క్రోనోగ్రాఫ్ మీదుగా కాల్చి, వేసవిలో కొలిచిన వేగంతో పోల్చుకోవాలి.

అభ్యాసానికి వేరే లోడు పెట్టుకోవడం రీలోడింగ్ ఇచ్చే అతి పెద్ద సదుపాయం. షూటింగ్ రేంజ్‌లో 80 మీటర్ల దూరాన పట్టాల మీద పరుగెత్తే మూస్ బొమ్మను కాల్చడం ఇక్కడి వేటగాళ్ల వేసవి పని. దానికి 15 గ్రాముల గుండును పట్టికలోని కనిష్ఠ మోతాదుతో నింపుకుంటే తన్ను గణనీయంగా తగ్గి, ఒక సాయంత్రంలో ఎక్కువ తూటాలు కాల్చవచ్చు. అయితే పిస్టల్ మందుతో తక్కువ మోతాదు లోడ్లు తయారు చేసే ఆలోచన వద్దు. అలాంటి చిన్న మోతాదు కేసు అడుగున కనిపించకుండా ఉంటుంది కాబట్టి పొరపాటున రెండుసార్లు పోసినా పట్టుకోలేము. ఎన్ 140, ఎన్ 150 లతో రెండో మోతాదు పోస్తే మందు కేసులోంచి పొంగి బల్ల మీద పడుతుంది. ఆ రక్షణను వదులుకోకూడదు. ఫిన్లండ్‌లోని లాపువా పట్టణపు తూటాల కర్మాగారంలో 1976 ఏప్రిల్ 13న జరిగిన పేలుడులో 40 మంది చనిపోయారు, వారిలో 35 మంది మహిళలు. మందుతో పనిచేయడం ఎంతటి బాధ్యతో తెలిసిన దేశాలు ఇవి. మన గదిలో మందు డబ్బా ఒకటే తెరిచి ఉండాలి, పని కాగానే మిగిలినది అదే డబ్బాలోకి తిరిగి పోవాలి, బల్ల దగ్గర ఫోను, పిల్లలు, మాటలు ఉండకూడదు.

కచ్చితత్వం గురించి ఒక్క మాట చాలు. మంచి కేసు, సరైన భుజం, ఒకేలా తూచిన మందు ఉంటే మామూలు ఫ్యాక్టరీ రైఫిల్ 100 మీటర్ల వద్ద మూడు సెంటీమీటర్ల గుంపు ఇస్తుంది. మూస్ వేటకు అంతకన్నా అవసరం లేదు.

ఈ తూటా లోపాలను కూడా దాచను. 100 మీటర్లకు సరిచేసిన రైఫిల్ 200 మీటర్ల దగ్గర 20 సెంటీమీటర్లకు పైగా కిందికి కొడుతుంది, ఆ పైన పతనం వేగంగా పెరుగుతుంది. పర్వత వాలుల మీద 250 మీటర్ల దూరం కాల్చేవారికి ఇది తగినది కాదు. చిన్న రో దుప్పి మాత్రమే వేటాడేవారికి ఈ ఖర్చు, ఈ తన్ను వృథా. జర్మనీలో పెద్ద దుప్పులకు, అడవి పందులకు 6.5 మి.మీ. వ్యాసం, 100 మీటర్ల వద్ద 2,000 జౌళ్లు ఉంటే చట్టం ఒప్పుకుంటుంది, కాబట్టి అక్కడ కూడా 9.3 తప్పనిసరి కాదు. కానీ తోలించే పంది వేటలో, పరుగెత్తే బరువైన పందిని దగ్గర నుంచి కొట్టేవారు దీనిని ఇష్టపడటంలో ఆశ్చర్యం లేదు. ఏడాదికి ఒక పెట్టె తూటాలు మాత్రమే కాల్చేవారు రీలోడింగ్ జోలికి వెళ్లనవసరం లేదు. నార్మా, లాపువా పెట్టెల్లో దొరికే ఫ్యాక్టరీ తూటాలు వారికి చాలు. వేసవంతా రేంజ్‌కు వెళ్లేవారికి మాత్రం ప్రెస్, డైలు, తూకం కొన్న డబ్బు త్వరగానే తిరిగి వస్తుంది, ఎందుకంటే ఫ్యాక్టరీ తూటా ధరలో పెద్ద భాగం ఇత్తడి కేసుది, ఆ కేసు మన దగ్గరే ఉంటుంది.

రైఫిల్ విషయంలో టిక్కా టీ3ఎక్స్, సాకో 85, మౌజర్ ఎమ్12, బ్లేజర్ ఆర్8 ఈ తూటాకు తయారయ్యాయి, వీటిలో ఏది దొరికినా తీసుకోవచ్చు. నా సలహా అడిగితే, తేలిక రైఫిల్ ఆకర్షణకు లోబడకుండా స్కోపుతో కలిపి నాలుగు కిలోల దగ్గర ఉండేదాన్ని, భుజానికి వెడల్పాటి రబ్బరు మెత్త ఉన్నదాన్ని ఎంచుకోండి. స్కోపు మాగ్నిఫికేషన్ తక్కువ వైపు 1 నుంచి మొదలయ్యేది ఉండాలి, ఎందుకంటే చెట్ల మధ్య మూస్ దగ్గరగా, వేగంగా వస్తుంది. కంటికీ స్కోపుకూ మధ్య ఎడం కనీసం 9 సెంటీమీటర్లు ఉండేలా బిగించాలి. లేకపోతే తన్నినప్పుడు స్కోపు అంచు కనుబొమ్మకు తగులుతుంది. నింపిన ప్రతి పెట్టె మీద గుండు, మందు, మోతాదు, ప్రైమర్, తేదీ, ఏ రైఫిల్‌కు నింపారో రాసి పెట్టండి. ఒక రైఫిల్‌కు నింపిన తూటాను, ఎంత దగ్గరి మిత్రుడు అడిగినా, ఇంకొకరి రైఫిల్‌లో వేయనివ్వకండి.